‘చిన్నపిల్ల, మర్చిపోతుందిలే’

రెండున్నరేళ్ల తేడాలో ఒకే పాప గురించి రెండు మాటలు విన్నాను. మొదటిది ఊళ్లో, వేపచెట్టు కింద కూర్చున్న పెద్దమనుషులు అన్నమాట. ‘చిన్న పిల్ల, మర్చిపోతది తీయ్. కేసులని, కోర్టులని తిప్పితే దాని బతుకు ఆగమైతది.’ రెండోది కోర్టులో నిందితుడి తరఫు వకీలు అన్నమాట. ‘చిన్నపిల్ల, తనకేం గుర్తుంటుంది? ఎవరో నేర్పించిందే చెబుతోంది.’ మొదటి మాటతో కేసు పెట్టకుండా ఆపాలని చూశారు. అది సాగనప్పుడు రెండో మాటతో కేసు కొట్టేయించారు.

సంఘటన జరిగిన నాటికి ఆ పాపకి నాలుగున్నరేళ్లు. సాక్ష్యం చెప్పే రోజుకి ఏడు నిండాయి. పాపనీ, ఊరినీ, కోర్టునీ ఎవరూ గుర్తుపట్టకుండా ఉండటానికి ఇక్కడ కొన్ని వివరాలు వదిలేస్తున్నాను. చట్టం అడిగినా అడగకపోయినా అది మన బాధ్యత.

సంఘం తరఫున పాపకీ, తల్లికీ తోడుగా ఆ రోజు నేను కోర్టులో ఉన్నాను. వకీలు నేరుగా పాపనే అడిగాడు. అది ఏ వారం? ఎన్ని గంటలకి? నీ గౌను ఏ రంగు? అంతకుముందు ఎన్నిసార్లు ఆ ఇంటికి వెళ్లావు? పాప గౌను రంగు ఒకసారి ఎరుపంది, ఇంకోసారి గులాబీ అంది. వారం చెప్పలేకపోయింది. ఎన్నిసార్లు అంటే వేళ్లు చూపించి, మళ్లీ మడిచేసుకుంది. బిస్కట్ పొట్లం ఇస్తానని లోపలికి పిలిచాడనీ, తలుపుకి రోకలి అడ్డం పెట్టాడనీ, నొప్పి పుట్టి ఏడిస్తే నోరు మూశాడనీ కూడా చెప్పింది. తీర్పులో గౌను రంగు గురించి రాశారు, మడిచిన వేళ్ల గురించి రాశారు. రోకలి గురించి ఒక్క ముక్క లేదు.

వాదనలప్పుడు వకీలు ఒక కాగితం తీసి చదివాడు. మూడు నాలుగేళ్ల పిల్లల మెదడు జ్ఞాపకాల్ని నిలుపుకునేంత ఎదిగి ఉండదని శాస్త్రమే చెబుతోందట. ఆ మాటకి కోర్టు హాల్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ప్రభుత్వ న్యాయవాది తల దించుకుని ఫైలు తిప్పుతున్నాడు. నా దగ్గరా ఆ రోజు జవాబు లేదు. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, మెదడు గురించి చదువుకున్నదాన్ని కాను. తర్వాత పట్టుదలగా కూర్చుని చదివాను. చదివాక తెలిసిందేమిటంటే, ఆ వకీలు శాస్త్రంలో సగం చెప్పి సగం దాచాడు. దాచిన ఆ సగమే మన పిల్లల పక్షాన నిలబడుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. మీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటని పెద్దవాళ్లని అడిగితే వచ్చే జవాబులు సగటున మూడు, మూడున్నరేళ్ల వయసువి. అంతకుముందు కాలం దాదాపు ఖాళీ. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు జ్ఞాపకాలు పలచగానే ఉంటాయి. దీన్ని శైశవ విస్మృతి అంటున్నారు. 1905లో ఈ పేరుతో దీన్ని చర్చకు పెట్టినవాడు ఫ్రాయిడ్.

ఆ పేరు పెట్టిన మనిషి కథ మనం మర్చిపోకూడదు. 1896లో వియన్నాలో తోటి వైద్యుల ముందు ఫ్రాయిడ్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. హిస్టీరియా అని తన దగ్గరికి వచ్చిన రోగుల్లో ఎక్కువమంది స్త్రీలు. వాళ్ల బాధకి మూలం బాల్యంలో జరిగిన లైంగిక దాడి అని ఆయన ఆ రోజు చెప్పాడు. సభ మొహం చిట్లించింది. మరుసటి ఏడాది, 1897 సెప్టెంబరులో, ఆ సిద్ధాంతాన్ని తాను ఇక నమ్మడం లేదని స్నేహితుడు ఫ్లీస్‌కి ఉత్తరం రాశాడు. ఇంతమంది తండ్రులు ఇలాంటివాళ్లై ఉంటారంటే నమ్మశక్యం కాదన్నది ఆయన చెప్పుకున్న కారణాల్లో ఒకటి. ఆ తర్వాత స్త్రీల జ్ఞాపకాలు క్రమంగా స్త్రీల ఊహలుగా మారిపోయాయి. ఈ తిరకాసుని జుడిత్ హెర్మన్ వంటి స్త్రీవాద వైద్యులు 1980లలో నిలదీశారు. నమ్మశక్యం కాని ఆ ‘ఇంతమంది’ ఎంతమందో మన దేశంలో 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ చేయించిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో మాట్లాడితే, ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, నమ్మకంగా ఉన్నవాళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పెద్దయ్యాక గుర్తుకు రాకపోవడం ఒకటి, చిన్నప్పుడు గుర్తే లేకపోవడం ఇంకొకటి. ఆ వకీలు ఈ రెంటినీ కలిపేశాడు. మనమూ కలిపేస్తుంటాం.

అమెరికాలో కెరొలిన్ రొవీ-కోలియర్ అనే పరిశోధకురాలు 1960ల చివర ఒక చిన్న ప్రయోగం మొదలుపెట్టింది. ఉయ్యాల మీద వేలాడే బొమ్మల గుత్తికి రిబ్బను కట్టి, రెండో కొస పసిబిడ్డ కాలికి కట్టింది. కాలు తన్నితే బొమ్మలు ఊగుతాయి. బిడ్డ ఆ సంగతి పట్టేస్తుంది. కొన్నాళ్లాగి మళ్లీ అదే ఉయ్యాలలో పడుకోబెడితే బిడ్డకి గుర్తుందా లేదా అన్నది ప్రశ్న. మూడు నెలల బిడ్డకి సుమారు వారం రోజులు గుర్తుంది. ఆరు నెలల బిడ్డకి రెండు వారాలు. వయసు పెరిగేకొద్దీ గడువు పెరుగుతూ పోయింది. నోట మాట రాని బిడ్డకీ జ్ఞాపకం ఉందని ఆ కాళ్లే చెప్పాయి.

మెదడు లోతట్టున హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. ఎక్కడ, ఏమిటి, ఎవరు అన్నవాటిని ఒక సంఘటనగా ముడివేసి దాచేది అదే. పుట్టాక కొన్నేళ్లపాటు అది ఎదుగుతూనే ఉంటుంది. దాచినదాన్ని వెతికి, వరసపెట్టి చెప్పడానికి తోడ్పడే నుదుటి వెనక భాగమైతే ఇరవై ఏళ్లు దాటేదాకా ఎదుగుతుంది. ఇది పట్టుకుని, పసిపిల్లల మెదడు అసలు జ్ఞాపకాన్ని నమోదే చెయ్యదని చాలాకాలం అనుకున్నవాళ్లున్నారు. 2025లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు నెలల నుంచి రెండేళ్ల ప్రాంతం వరకు ఉన్న పిల్లలకి బొమ్మలు చూపిస్తూ మెదడుని స్కానింగ్ చేశారు. ఒక బొమ్మని మొదటిసారి చూసినప్పుడు హిప్పోక్యాంపస్ ఎంత చురుగ్గా ఉంటే, తర్వాత ఆ బొమ్మని అంత ఎక్కువసేపు గుర్తుపట్టినట్టు చూశారు. ఏడాది దాటిన పిల్లల్లో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. అంటే రాయడం జరుగుతోంది.

మరి రాసింది ఎక్కడికి పోతోంది? 2014లో కెనడాలోని టొరంటో పరిశోధకులు ఎలుకల మీద చేసిన పనిలో ఒక జవాబు దొరికింది. చిన్న వయసులో హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు వేగంగా పుడుతుంటాయి. అవి వచ్చి పాత అల్లికలో చేరుతుంటే పాత జ్ఞాపకాల దారి చెదిరిపోతుంది. ఆ పుట్టుకని తగ్గిస్తే ఎలుకపిల్లలకి ఎక్కువకాలం గుర్తుంది. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని ఖాయంగా అనలేం. కానీ ఎదగలేదు కాబట్టి మర్చిపోవడం కాదు, ఎదుగుతోంది కాబట్టి మర్చిపోవడం అన్న ఆలోచనకి ఇది బలమిచ్చింది.

మనకి అన్నిటికంటే ముఖ్యమైన అధ్యయనం ఇంకొకటుంది. పెట్రీషియా బావర్, మరీనా లార్కినా మూడేళ్ల పిల్లలతో, వాళ్ల తల్లులతో కూర్చుని, ఆ మధ్య జరిగిన సంగతులు చెప్పించి రాసిపెట్టుకున్నారు. తర్వాత అవే సంగతులు పిల్లల్ని అడిగారు. కొందరిని ఐదేళ్లకి, కొందరిని ఆరుకి, అలా తొమ్మిదేళ్ల దాకా. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు 60 శాతానికి పైగా సంగతులు గుర్తుచేసుకున్నారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకి గుర్తున్నవి 40 శాతం లోపే. 2014లో అచ్చయిన ఈ ఫలితాన్ని ఒక్కసారి మన కోర్టుల పక్కన పెట్టి చూడండి. మూడేళ్ల పిల్లకి ఆ మధ్య జరిగింది గుర్తుంది. ఆరేళ్లకీ చాలావరకు గుర్తుంది. ఎనిమిదో ఏటికి చేజారుతోంది. మరి మనం ఆ పిల్లని బోనెక్కించేది ఎప్పుడు? వాయిదా మీద వాయిదా వేసి, ఏ మూడేళ్లకో నాలుగేళ్లకో. జ్ఞాపకం ఆవిరయ్యేదాకా ఆగి, ఆ తర్వాత పిలిచి, నీకేం గుర్తుందని అడుగుతాం. చెప్పలేకపోతే తప్పు పాప మెదడుది అంటాం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పసిపిల్లలు త్వరగా మర్చిపోతారన్నది నిజం. ఆ నిజం నిందితుడికి రక్షణ కాకూడదు, వ్యవస్థకి హెచ్చరిక కావాలి. త్వరగా కరిగిపోయే సాక్ష్యం అయితే త్వరగా పదిలపరచాలి. రక్తపు మరకని వానలో వదిలేసి, మరక లేదు కాబట్టి హత్య జరగలేదంటే ఊరుకుంటామా?

ఏం గుర్తుంటుందన్నది ఎంత ముఖ్యమో, ఏం అడుగుతున్నామన్నదీ అంతే ముఖ్యం. వారం, తేదీ, గడియారం, ఎన్నిసార్లన్న లెక్క పెద్దల కొలతలు. పిల్లలు బడిలో పడ్డాక ఏళ్ల తరబడి మెల్లగా నేర్చుకునేవి. నాలుగేళ్ల పిల్ల తేదీ చెప్పలేకపోతే అది మరుపు కాదు, ఆ కొలత ఆమె దగ్గర ఇంకా లేదంతే. ఇక గౌను రంగు లాంటివి, నడివయసు మగవాడిని అడిగినా రెండున్నరేళ్ల కిందట వేసుకున్న చొక్కా రంగు చెప్పలేడు. సంఘటన నడిబొడ్డు నిలుస్తుంది, అంచులు చెదురుతాయి. పెద్దలకీ అంతే. కానీ పెద్దల దగ్గర అది సహజం, పిల్లల దగ్గర అబద్ధం.

మాటల సంగతి ఇంకా ఉంది. న్యూజిలాండ్‌లో గేబ్రియల్ సిమ్‌కాక్, హార్లీన్ హెయిన్ రెండు, మూడేళ్ల పిల్లలకి ఒక విచిత్రమైన యంత్రంతో ఆట ఆడించారు. పెద్ద బొమ్మ వేస్తే చిన్న బొమ్మ బయటికొచ్చే యంత్రం అది. ఆరు నెలలకీ, ఏడాదికీ మళ్లీ అడిగారు. ఈలోగా పిల్లలకి ఎన్నో కొత్త మాటలు వచ్చాయి. అయినా ఆట గురించి చెప్పేటప్పుడు ఆడిన నాటికి తమకి తెలిసిన మాటలతోనే చెప్పారు. ఫొటోలు పెడితే గుర్తుపట్టారు, చేసి చూపించమంటే చూపించారు. జ్ఞాపకం ఉంది, దానికి మాట లేదు. 2002లో అచ్చయిన ఈ పని చదువుతుంటే నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. ముక్కేదీ, చెవేదీ, బొజ్జేదీ అని పిల్లల చేత చూపించి మురిసిపోతాం. నడుము కింద భాగానికి మాత్రం పేరు చెప్పం. చెయ్యి పెడితే ‘ఛీ, సిగ్గు’ అంటాం. ఆడపిల్లయితే మరీను. తన ఒంటికి పేరే లేని పిల్ల, ఆ ఒంటికి జరిగినదాన్ని ఏ మాటతో దాచుకుంటుంది? ఏ మాటతో బయటికి తీస్తుంది? పిల్లకి మాట లేకుండా చేసింది మన పరువు. అది మెదడు మీద తోసేస్తున్నాం.

ఆ లేని మాటల చోట్లోకి పోలీసుల మాటలు వచ్చి కూర్చుంటాయి. మా పాప వాంగ్మూలం నేను చదివాను. ‘సదరు నిందితుడు నన్ను బలవంతముగా లోనికి తీసుకొనిపోయి నాపై లైంగిక దాడికి పాల్పడినాడు’ అని ఉంది. నాలుగున్నరేళ్ల పిల్ల ‘సదరు నిందితుడు’ అంటుందా? పిల్ల పలికింది పలికినట్టే రాయాలని పోక్సో చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. వీలైనంతవరకు దృశ్య, శ్రవణ రికార్డు చెయ్యాలనీ చెబుతోంది. అది చేసి ఉంటే రోకలి అన్న మాట పాప గొంతుతోనే ఫైల్లో ఉండేది. చెయ్యలేదు. ఆ సర్కారు తెలుగుని చూపించే, ‘ఇది పిల్ల మాటేనా?’ అని వకీలు వెక్కిరించాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి శిక్ష మాత్రం పాపకి పడింది.

మనం మాట్లాడకుండా దాటెయ్యకూడని విషయం ఒకటుంది. పిల్లలకి నేర్పించవచ్చు. ఇది కూడా శాస్త్రమే. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ అనే శిశు పాఠశాల మీద 1983లో మొదలైన ఆరోపణలు ఏళ్ల తరబడి విచారణ సాగి 1990లో ఒక్క శిక్షా పడకుండా ముగిశాయి. పిల్లల్ని ప్రశ్నించినవాళ్లు జవాబుని ప్రశ్నలోనే పెట్టి, అవునన్నదాకా అడిగారని తేలింది. ఆ తర్వాత స్టీఫెన్ సెసి, మ్యాగీ బ్రక్ వంటివాళ్లు చేసిన పరిశోధనల్లో, మూడు నాలుగేళ్ల పిల్లల్ని పదేపదే సూచనలిస్తూ అడిగితే జరగనిదీ జరిగిందంటారని రుజువైంది. సూచనలివ్వకుండా, ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడిగితే ఆ చిన్నపిల్లలే చాలావరకు సరిగ్గా చెబుతారనీ రుజువైంది. మొదటి సగం వకీళ్ల నోట వింటాం. రెండో సగం వినం.

ఇక్కడ మన తప్పు కూడా ఉంది. కార్యకర్తగా పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పిల్లని నేనే అడిగాను, ‘ఆ మామే కదా చేసింది? భయపడకు, చెప్పు’ అని. ప్రేమతోనే అడిగాను. కానీ జవాబు నా ప్రశ్నలోనే ఉంది. నా తర్వాత మేనత్త అడిగింది, టీచరు అడిగింది, పోలీసు అడిగింది, డాక్టరు అడిగింది. ఇన్ని నోళ్ల తర్వాత పిల్ల మాటల్లో ఏది ఆమెదో, ఏది మాదో ఎలా తెలుస్తుంది? మన ఆవేశం నిందితుడి వకీలు చేతికి ఆయుధం కాకూడదు. పిల్ల నోరు విప్పినప్పుడు మనం చెయ్యాల్సింది వినడం. ‘ఏం జరిగింది?’, ‘తర్వాత?’, ‘ఇంకా చెప్పు’ ఈ మూడు చాలు. విన్న వెంటనే, ఏ ప్రశ్నకి ఏ మాట చెప్పిందో ఆమె భాషలోనే, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. మన సంఘాల శిక్షణా తరగతుల్లో చట్టం సెక్షన్లు వల్లెవేయిస్తున్నాం, ఇది నేర్పడం లేదు.

పెద్దమనుషుల మాట మిగిలింది. ‘మర్చిపోతది తీయ్.’ గుర్తులేకపోతే గాయం లేనట్టే అని దాని అర్థం. ఇది అబద్ధం. భయాన్ని పట్టుకునే మెదడు భాగాలు, సంఘటనని కథగా దాచే భాగాల కంటే ముందే పనిలోకి వస్తాయి. కథ పోయినా భయం ఉంటుంది. అమెరికాలో లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు, ఐదేళ్లలోపు ఘోరమైన అనుభవాలకి గురైనట్టు రికార్డులున్న ఇరవై మంది పిల్లల్ని పరిశీలించి 1988లో రాసింది. రెండున్నర, మూడేళ్లలోపు దెబ్బతిన్న పిల్లల్లో చాలామంది జరిగింది మాటల్లో పూర్తిగా చెప్పలేకపోయారు. కానీ వాళ్ల ఆటల్లో, భయాల్లో, ప్రవర్తనలో అదే మళ్లీ మళ్లీ కనిపించింది. మా పాప ఇప్పటికీ తలుపు గడియ వేస్తే నిద్రపోదు. మర్చిపోయింది ఎవరు? ఊరు మర్చిపోయింది. వాడు మర్చిపోయాడు. కిందటి దసరాకి ఊళ్లో పదిమందితో కలిసి జమ్మి ఆకు పంచాడు.

జ్ఞాపకం మెదడులో మాత్రమే పెరగదు, మాటల్లో పెరుగుతుంది. జరిగినవాటిని పిల్లలతో ఓపిగ్గా, వివరంగా ముచ్చటించే ఇళ్లల్లో పిల్లల జ్ఞాపకాలు చిక్కగా ఉంటాయని రాబిన్ ఫివుష్, ఎలైన్ రీస్ వంటి పరిశోధకురాళ్లు దశాబ్దాలుగా చూపిస్తున్నారు. న్యూజిలాండ్‌లో 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో మావోరీల తొలి జ్ఞాపకాలు సగటున మూడేళ్ల లోపువి. అక్కడే యూరపు సంతతి వాళ్లవి మూడున్నర ప్రాంతానివి. గతం గురించి చెప్పుకోవడానికి విలువిచ్చే సంస్కృతి మావోరీలది. మెదడు అందరిదీ ఒకటే, మాట వేరు. ఇది చెప్పగానే ఎవరో ఒకరు లేస్తారని తెలుసు: ‘చూశారా, అంతా తల్లి చేతుల్లోనే ఉంది’ అని. పొద్దున పత్తి చేనుకి పోయి చీకటి పడ్డాక వచ్చి పొయ్యి ముట్టించే తల్లికి, పిల్లతో ముచ్చట్లు చెప్పుకునే తీరిక ఎవరు మిగిల్చారు? పిల్లని పక్కింట్లో వదలక తప్పని స్థితి ఎవరు తెచ్చారు? తల్లి మీద ఇంకో బరువు పెట్టడానికి నేను ఈ అధ్యయనాలు చెప్పడం లేదు. ‘ఆ సంగతి మళ్లీ ఎత్తకు’ అని ఇంటిల్లిపాదీ పిల్ల నోరు మూయించడం మరుపుని తయారుచెయ్యడమే అని చెబుతున్నాను. ఆ మౌనం తల్లి పెట్టింది కాదు. మామగారు, బావగారు, కులపెద్దలు కలిసి ఆమె మీద పెట్టింది.

చట్టంలో ఏం రాసుందో చూద్దాం. సాక్షికి కనీస వయసంటూ 1872 నాటి సాక్ష్యాల చట్టమే పెట్టలేదు. ప్రశ్న అర్థం చేసుకుని, అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే చాలంది. 2024 జులై నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 124వ సెక్షన్‌దీ అదే మాట. 1952లో రామేశ్వర్ కేసులో, ప్రమాణం చేయించలేదన్న కారణంతో ఎనిమిదేళ్ల బాలిక సాక్ష్యాన్ని తోసెయ్యకూడదని సుప్రీం కోర్టు చెప్పింది. 2004లో ‘సాక్షి’ అనే స్త్రీల సంస్థ వేసిన పిటిషన్ మీద, పిల్లకి నిందితుడు కనపడకుండా తెర కట్టాలనీ, నిందితుడి తరఫు ప్రశ్నలు రాసి న్యాయమూర్తికి ఇవ్వాలనీ ఆదేశించింది. 2012 పోక్సో చట్టం 33వ సెక్షన్ ప్రకారం వకీలు పిల్లని నేరుగా అడగకూడదు, న్యాయమూర్తి ద్వారా అడగాలి. మాటిమాటికీ పిల్లని పిలవకూడదు. 35వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు కేసుని స్వీకరించిన ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు చెయ్యాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన బల్వీర్ సింగ్ కేసులో, తల్లి హత్యని చూసిన ఏడేళ్ల కూతురి సాక్ష్యాన్ని నమ్మి, హైకోర్టు వదిలేసిన తండ్రికి సుప్రీం కోర్టు శిక్ష ఖాయం చేసింది. చిన్నపిల్ల అన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని కొట్టెయ్యలేరని మళ్లీ చెప్పింది.

అంటే కాగితం మీద అంతా ఉంది. ముప్పై రోజుల నియమం రాసినవాళ్లకి హిప్పోక్యాంపస్ తెలుసో తెలియదో గానీ, పిల్లల జ్ఞాపకానికి అన్నిటికంటే అవసరమైన నియమం అదే. అన్నిటికంటే ఎక్కువగా తుంగలో తొక్కుతున్నదీ అదే. మా పాప విషయంలో ముప్పై రోజులు రెండేళ్లకి పైగా అయింది. వాయిదా పడిన ప్రతిసారీ కారణం రాశారా అని రికార్డు వెతికాను. ఒకచోట ‘సమయం చాలలేదు’ అని ఉంది. మిగతాచోట్ల ఏమీ లేదు.

కాబట్టి మనం అడగాల్సింది కొత్త చట్టం కాదు. మీ జిల్లాలో పోక్సో కేసుల్లో ఎన్నింట్లో పిల్ల సాక్ష్యం ముప్పై రోజుల్లో నమోదైందో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. ఎన్ని వాంగ్మూలాలు పిల్ల సొంత గొంతుతో రికార్డయ్యాయో అడగండి. 2020 నియమాల ప్రకారం పిల్లకి తోడుగా ఉండాల్సిన సహాయక వ్యక్తిని ఎంతమందికి ఇచ్చారో అడగండి. పిల్లల జ్ఞాపకం గురించి న్యాయమూర్తులకీ, ప్రభుత్వ న్యాయవాదులకీ, మహిళా ఎస్సైలకీ శిక్షణ ఇమ్మని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి రాయండి. అంగన్‌వాడీల్లో పిల్లలకి ఒంటిలోని అన్ని భాగాల పేర్లూ సిగ్గు లేకుండా నేర్పించమని అడగండి. ఆ జవాబులన్నీ వచ్చే సంచికకి పంపండి, జిల్లాల వారీగా వేద్దాం.

చివరగా ఒక్కటి. పాప సాక్ష్యం అయిపోయిన రోజు బస్సులో తిరిగి వస్తున్నాం. పాప తల్లి ఒళ్లో తల పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఉన్నట్టుండి, ‘అమ్మా, గా దినం అంగన్‌వాడీల గుడ్డు పెట్టలే. ఆకలైంది. గందుకే బిస్కట్‌కు పోయిన’ అంది. వకీలు అడిగిన ‘ఏ రోజు’ అన్న ప్రశ్నకి ఏడేళ్ల పిల్ల చెప్పిన జవాబు అది. తేదీ లేదు, వారం లేదు. గుడ్డు పెట్టని రోజు. నేను వెళ్లి అంగన్‌వాడీ రిజిస్టరు చూశాను. తల్లి ఫిర్యాదులో చెప్పిన వారంలో గుడ్లు పంచని రోజు ఒక్కటే ఉంది. ఆ రోజే ఫిర్యాదులో ఉన్న రోజు.

ఆ రిజిస్టరు కోర్టు ముందుకి రాలేదు. పాప భాషలో పాపని అడిగినవాళ్లెవరూ లేరు కాబట్టి. తీర్పు మీద అప్పీలు వేశాం. అది నడుస్తూ ఉండగా పాపకి ఎనిమిది వస్తాయి, తొమ్మిది వస్తాయి. గుడ్డు పెట్టని ఆ రోజు ఆమె జ్ఞాపకంలోంచి మెల్లగా జారిపోవచ్చు. అలా జారిపోతే ఆమె మీద నాకు కోపం లేదు, నిజానికి సంతోషిస్తాను. ఆ రోజుని గుర్తుపెట్టుకోవాల్సిన బాధ్యత ఇప్పుడిక ఆమెది కాదు, మనది.